ఇచ్చట దొరుకును

నేను బటన్లు రాస్తాను. ఉద్యోగం ఏంటని ఎవరైనా అడిగితే కంటెంట్ రైటర్ అంటానుగానీ, జీతం వచ్చేది ఎక్కువగా ఆ రెండు మూడు మాటలకే. వెబ్ పేజీ చదివిన మనిషి చివర్లో ఏం చెయ్యాలో చెప్పే మాటలు. "ఇప్పుడే కొనండి." "బుక్ చేసుకోండి." "మరింత తెలుసుకోండి." వీటిని కాల్ టు యాక్షన్ అంటారు, మా ఆఫీసులో ఇంకా పొట్టిగా సీటీఏ. విశాఖపట్నంలో కొన్నేళ్ళుగా ఇదే పని.

2022 డిసెంబరులో మా పెద్దమ్మ కొడుకు అనకాపల్లి నుంచి ఫోన్ చేశాడు. గొంతు నిండా సంబరం.

"తమ్ముడూ, అరకు వెళ్తన్నాం. పిల్లలకి టెంట్లో పడుకోవాలని ఉందంట. నెట్లో చూశాను, రెండే మిగిలాయంట. వెంటనే డబ్బులు కట్టీసాను."

"ఎంత?"

"నాలుగువేల ఎనిమిదొందలు."

"షాపులో సెలవు అడిగావా?"

"అడుగుతాన్లే. ముందు టెంట్ పోకూడదు కదా."

సెలవు దొరకలేదు. డబ్బు తిరిగి రాలేదు. రాదని పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది. పైన పెద్దక్షరాల్లో "ఈ వారాంతానికి 2 టెంట్లే మిగిలాయి!" అని ఉంది. ఆ రెండు వాక్యాలూ నేను రాసినవే. ఆ 2 ఏ లెక్కలోంచీ వచ్చింది కాదు. సోమవారం చూసినా 2, శుక్రవారం చూసినా 2. వానాకాలంలో మైదానం మొత్తం ఖాళీగా ఉన్నప్పుడు కూడా 2. పక్కన వద్దు అనుకునేవాళ్ళ కోసం ఇంకో చిన్న బటన్ కూడా పెట్టాం: "వద్దులెండి, నాకు ఇంట్లోనే బాగుంది." అది రాసిన రోజు ఆఫీసులో అందరం నవ్వుకున్నాం.

ఆ పేజీ నేను రాశానని అన్నయ్యకి చెప్పలేదు. "అయ్యో, అలాగా" అన్నాను.

*

2024 ఫిబ్రవరిలో ఒక స్నేహితుడి ద్వారా వేరే పని వచ్చింది. అరకు దగ్గర ఒక ఊళ్ళో కొందరు కాఫీ రైతులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, తమ గింజల్లో కొంత భాగం తామే వేయించి పొడి చేసి నేరుగా అమ్ముకోవాలనుకుంటున్నారు. ఒక్క పేజీ కావాలి. ఆ ఊరి స్కూలు మాస్టారు ఫోన్లో మాట్లాడారు. "డబ్బులు పెద్దగా ఇవ్వలేమండి. కాఫీ ఇస్తాం." సరే అన్నాను. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే అప్పట్లో కొండలు చూడొచ్చని అనేవాణ్ణి.

బస్సు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక నా వృత్తి రోగం కూడా మొదలైంది. బోర్డులు చదవడం. "ఇచ్చట బొంగులో చికెన్ దొరుకును." "కాఫీ పొడి, మిరియాలు, తేనె అమ్మబడును." "భోజనం రెడీ." అనంతగిరి దాకా చూస్తూనే ఉన్నాను. ఒక్క బోర్డు కూడా నన్ను కొనమనలేదు. ఉన్నది ఇక్కడ ఉందని చెప్పి ఊరుకున్నాయి.

ఇది మన భాషకున్న పాత అలవాటు. "ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును" అనే బోర్డు కింద పెరిగినవాళ్ళం మనం. అందులో ఆజ్ఞ లేదు, తొందర లేదు. వస్తువు ఉంది, అవసరం మీది. వెబ్ పేజీకి వచ్చేసరికి ఇంగ్లీషు నేర్పిన పద్ధతి వేరు. వాక్యం క్రియతో మొదలవ్వాలి, చదివేవాణ్ణి కదిలించాలి.

ఇంగ్లీషులో "బై" అంటే సరిపోతుంది. ఎవరు ఎవరితో అంటున్నారన్నది ఆ మాటకి అక్కర్లేదు. తెలుగులో క్రియ వాడగానే సంబంధం బయటపడిపోతుంది. "కొను" అంటే చనువైనా కావాలి, అహంకారమైనా కావాలి. "కొనండి" మర్యాదే, కానీ కాస్త మీద పడినట్టుంటుంది. "కొనుక్కోండి" అంటే వేరు. ఆ "కో" ఉంది చూశారా, చేసేవాడి కోసమే ఆ పని అని చెప్తుంది. వండు, వండుకో. దాచు, దాచుకో. తెలుగు బటన్లలో చాలా భాగం ఆ "కో" మీదే బతుకుతున్నాయి: తెలుసుకోండి, చూసుకోండి, బుక్ చేసుకోండి. లాభం మాదే అయినప్పుడు కూడా మేం "చేసుకోండి" అనే రాస్తాం.

ఇంకా చిన్న బాధలు కూడా ఉన్నాయి. "సబ్మిట్" అన్నచోట చాలా సైట్లు "సమర్పించు" అని పెడతాయి. కరెంటు బిల్లు మీద ఫిర్యాదు రాస్తుంటే దేవుడికి కొబ్బరికాయ సమర్పిస్తున్నట్టుంటుంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి గీసిన పెట్టెలో "కొనుక్కోండి" పెడితే కింద క ఒత్తు తెగిపోతుంది. డిజైనర్‌కి ఫోన్ చేసి "ఇంకో నాలుగు పిక్సెళ్ళు ఇవ్వవా" అని బతిమాలుకోవాలి.

బస్సులో కూర్చుని ఆ బోర్డులే గొప్పవి అనేసుకోబోయాను. కానీ బొంగు చికెన్ బోర్డు పక్కన పొగ ఉంటుంది, వాసన ఉంటుంది, బొంగుని నిప్పుల మీద తిప్పుతున్న మనిషి కనిపిస్తాడు. "దొరుకును" అన్న మాటకి ఇవన్నీ సాక్ష్యం. ఫోన్ తెర మీద అవేవీ ఉండవు. అక్కడ ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాల్సిందే. ఎలా అడగాలన్నదే నా పని.

*

మాస్టారింటి అరుగు మీద పది పన్నెండు మంది కూర్చున్నారు. ఇంటి వెనకే వాలులో తోట. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. కోత అప్పటికే అయిపోయింది. మొక్క పెట్టాక కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుందని, ఎర్రగా పండినవే చేత్తో ఏరాలని, ఆరు కేజీల పళ్ళు తెస్తే చివరికి కేజీ గింజ మిగులుతుందని చెప్పారు. పైతోలు తియ్యాలి, కడగాలి, ఎండబెట్టాలి, మళ్ళీ పొట్టు తియ్యాలి. "అరకు వ్యాలీ అరబికా"కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. మాస్టారు ఇవన్నీ ఉత్సాహంగా చెప్తుంటే, వెనక కూర్చున్న ఒక పెద్దావిడ "అదంతా సరేగానీ, ఈ బాబు ఏటి రాసినాడో సదవండి ముందు" అంది.

నేను రాసుకెళ్ళింది ఇది: "అరకు రుచి మీ ఇంటికి! ఇప్పుడే ఆర్డర్ చేయండి. స్టాక్ పరిమితం!"

ఆవిడ కూతురు ఇంటర్ చదువుతోంది. గట్టిగా చదివి, అందరికీ అర్థమయ్యేలా ఆదివాసీ ఒడియాలో చెప్పింది. నేను రాసిన దానికన్నా చాలా చిన్నగా అనిపించింది.

"ఏమని చెప్పావమ్మా?" అన్నాను.

"కాఫీ ఉందంట, తెప్పించుకోమంటన్నాడు, కొంచెమే ఉందంట అని సెప్పాను."

ఆశ్చర్యార్థకాలు, "అరకు రుచి", "ఇప్పుడే" అన్నీ ఆ దారిలో ఎక్కడో రాలిపోయాయి.

పెద్దావిడ నా వైపు తిరిగింది. "కొంచెమంటే ఎంత బాబూ?"

"అంటే... తక్కువ ఉందని తెలిస్తే తొందరగా కొంటారమ్మా. అందరూ అలాగే రాస్తారు."

"ఎంతుందో నీకు తెల్దా?"

నిజంగానే నాకు తెలీదు. నేను అడగలేదు. మాస్టారు పుస్తకం తీశారు. మిగిలిన పంట ఎప్పటిలా అమ్మేయగా ఈసారి పొడి కోసం ఉంచుకున్నది అరవై కేజీలు. పావుకేజీ లెక్కన 240 ప్యాకెట్లు.

"మరి అదే రాయి" అందావిడ.

తర్వాత వరసగా అడిగింది. ఆ బటన్ నొక్కితే ఏటవుతాది? డబ్బులు ముందే కట్టాలా, పొడి వచ్చాక కట్టాలా? నొక్కినాక ఎన్ని రోజులకి చేరుతాది? నొక్కినోడు మళ్ళీ వద్దంటే ఎవుడికి చెప్పాలి?

నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఒక్కొక్కటీ రాసుకుంటుంటే 2009లో జారెడ్ స్పూల్ రాసిన ఒక చిన్న వ్యాసం గుర్తొచ్చింది. మా వృత్తిలోకి వచ్చిన కొత్తల్లో చాలామంది చదివేదే. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో డబ్బు కట్టే ముందు "రిజిస్టర్" అనే బటన్ ఉండేది. దాన్ని తీసేసి "కంటిన్యూ" అని పెట్టారు. ఖాతా తెరవక్కర్లేదు అని పక్కన ఒక మాట రాశారు. ఆ ఒక్క ఏడాదిలోనే అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయని స్పూల్ రాశాడు. మేమందరం ఆ కథని "ఒక్క మాట మారిస్తే ఎంత డబ్బో చూడు" అన్నట్టే చెప్పుకున్నాం. కానీ అక్కడ పని చేసింది పక్కనున్న ఆ వివరణ కూడా. నొక్కితే ఏమవుతుందో తెలియక ఆగిపోయిన మనిషికి ఆ భయం పోయింది. పెద్దావిడ అడిగిన నాలుగు ప్రశ్నలూ అలాంటి భయాలే. బటన్‌కి ఇటువైపు కూర్చుని అడిగింది, అంతే తేడా.

*

అది ఎన్నికల ముందు కాలం. భోజనాల దగ్గర మాటలు ఓటింగ్ యంత్రం మీదికి వెళ్ళాయి. 2019లో అరకు లోక్‌సభ స్థానంలో నోటాకి 47 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. దేశంలో బాగా ఎక్కువ పడిన చోట్లలో అది ఒకటి. (2024 ఫలితాల్లో ఆ లెక్క 50 వేలు దాటింది.) విసుగెత్తి వేశారని కొందరన్నారు, గుర్తులు తెలియక ఆఖరున ఉన్న బటన్ నొక్కేశారని ఇంకొందరన్నారు. మాస్టారిని అడిగాను.

"నొక్కినోళ్ళని అడిగినోడు లేడండి. లెక్కపెట్టినోళ్ళే అందరూను" అన్నారు.

ఆ రాత్రి ఆ మాట చాలాసేపు తిరిగింది బుర్రలో. మా ఆఫీసులో గోడకి ఒక తెర ఉంటుంది. ఏ బటన్ ఎంతమంది నొక్కారో అందులో కనిపిస్తుంది. "2 టెంట్లే" అని పెట్టిన వారం ఆ గీత పైకి లేచింది. మేం దాన్ని జనానికి నచ్చడం అనే అనుకున్నాం. మా సార్ అందరికీ బిర్యానీ తెప్పించారు. అన్నయ్య నొక్కిన నొక్కు కూడా అందులో ఒకటి. టెంట్ చేజారిపోతుందేమోనని కంగారుపడి, సెలవు అడక్కుండా నొక్కిన నొక్కు. ఆ తెర మీద దానికీ, ఇష్టపడి నొక్కినదానికీ తేడా కనపడదు.

ఇలాంటి పనికి ఇప్పుడు మన దేశంలో చట్టం భాషలో పేరుంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాలు. మొదటిదే తప్పుడు తొందర: లేని కొరతని చూపించి కొనిపించడం. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేసే మాటలు కూడా జాబితాలో ఉన్నాయి. అంటే నా "ఇంట్లోనే బాగుంది" బటన్. ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు ఎవరో మా ఆఫీసు కంప్యూటర్ తెరిచి చూసి రాసినట్టనిపించింది.

*

రాసింది సరిచేసుకుని ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళాను. ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళు వేటకి వెళ్తారు. ఆడవాళ్ళు, పిల్లలు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ళని ఆపుతారు. పాడతారు, ఆడతారు, డబ్బులడుగుతారు. ఇస్తేగానీ కర్ర లేవదు. మా ఆటోని ఊరు చేరేలోగా మూడుసార్లు ఆపారు.

మా భాషలో దీన్ని పాప్‌అప్ అనొచ్చు. పేజీ చదువుతుంటే మధ్యలో అడ్డం పడే పెట్టె. ఆ పెట్టెని నేను ఎన్నోసార్లు రాశాను, చదివేటప్పుడు ఎన్నోసార్లు తిట్టుకుంటూ మూశాను. మరి ఇక్కడ ఎవరూ తిట్టట్లేదేంటి? ఆటో డ్రైవర్ చిల్లర ముందే మార్చి జేబులో పెట్టుకున్నాడు. "ఏడాదికోసారి కద సార్, పండగ" అన్నాడు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. అడిగేవాళ్ళ మొహాలు కనిపిస్తున్నాయి. ఎందుకడుగుతున్నారో అందరికీ తెలుసు. పది రూపాయలిచ్చినా తీసుకుంటారు, యాభై ఇచ్చినా తీసుకుంటారు. రేపు దాన్ని అడ్డం పెట్టుకుని ఇంకోటి అడగరు. దారికి అడ్డం పడినా, మోసం లేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కొత్త పేజీ చదివి వినిపించాను. బటన్ మీద రెండే మాటలు: "పొడి తెప్పించుకోండి". ఆ అమ్మాయి మొదటిరోజు తన భాషలోకి మార్చి, మళ్ళీ తెలుగులో నాకు చెప్పిన మాట అది. ఆ "కో"కి ఈసారి నేను సిగ్గుపడక్కర్లేదు. దాని కింద చిన్నక్షరాల్లో కాకుండా మామూలు అక్షరాల్లోనే నాలుగు వాక్యాలు:

"నొక్కితే మా మాస్టారి వాట్సాప్ తెరుచుకుంటుంది. ఊళ్ళో సిగ్నల్ తక్కువ, సాయంత్రం జవాబిస్తాం. వారానికోసారి వేయించి మర్నాడు అరకు పోస్టాఫీసులో వేస్తాం, పార్సిల్ వేశాకే డబ్బు పంపండి. పార్సిల్ వెయ్యకముందు ఎప్పుడైనా వద్దనొచ్చు."

ఆ పక్కన అంకె: "ఇంకా 240 ప్యాకెట్లు ఉన్నాయి."

ఇంకో చోట "ఇక్కడ నొక్కండి" అని ఉన్నదాన్ని "తోట ఫొటోలు చూడండి" అని మార్చాను. చూపులేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో పేజీలోని లింకులన్నీ వరసగా వినగలరు. అప్పుడు అన్నీ "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అనే వినిపిస్తే ఎక్కడికెళ్ళాలో ఎవరికి తెలుస్తుంది? వెబ్ ప్రమాణాల్లో ఎప్పటినుంచో ఉన్న నియమమే. నాకూ తెలుసు. పట్టించుకోవాలని అనిపించింది మాత్రం, చదవడం రాని ఆ పెద్దావిడ నా పేజీని చెవులతో వింటుంటే.

విని "ఇప్పుడు తెలిసింది" అంది. బాగుంది అనలేదు.

మా సార్‌కి పేజీ చూపించాను. "డబ్బు తర్వాత పంపమన్నావేంటి? సిగ్నల్ లేదని కూడా చెప్పుకుంటారా ఎక్కడైనా? అయినా 240 అంటే ఎవడికీ తొందర పుట్టదు" అన్నారు. ఆయనన్నదీ అబద్ధం కాదు. మొదటి వారం తొమ్మిది ప్యాకెట్లే వెళ్ళాయి. రెండో వారం పద్నాలుగు. మాస్టారు రోజూ సాయంత్రం సిగ్నల్ వచ్చే మలుపు దాకా నడిచి వెళ్ళి అంకె పంపేవారు, నేను మార్చేవాణ్ణి. తెప్పించుకున్నవాళ్ళలో కొందరు మళ్ళీ తెప్పించుకున్నారు. టెంట్ల గీతలా ఒక్కసారిగా లేవలేదు గానీ, తగ్గుతూ వచ్చిన ఆ అంకెలో ఒక్కటి కూడా నేను పుట్టించింది కాదు.

*

ఆగస్టులో అంకె పదకొండుకి దిగింది. ఆ వారమే ఆ లింకు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో అన్నయ్య ఫోన్.

"తమ్ముడూ, ఇది నువ్వు రాసిన పేజీయేనా?"

"నేనే అన్నయ్యా."

"పదకొండే ఉన్నాయంటన్నారు. నిజంగా పదకొండేనా, లేకపోతే ఆ టెంట్ల లాగానా?"

అవునో కాదో చెప్పి ఊరుకోవచ్చు. పదకొండు నిజమే కదా. కానీ ఆ ప్రశ్న అలా అడగడం అతనికి నేర్పింది నేను. ఆ రెండు టెంట్ల సంగతి చెప్పాను. పెద్దక్షరాలూ నావే, చిన్నక్షరాలూ నావే అని చెప్పాను. నాలుగువేల ఎనిమిదొందలు ఇచ్చేస్తానన్నాను.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. వెనక షాపులో ఎవరో బేరింగుల ధర అడుగుతున్నారు.

"డబ్బు సంగతి కాదురా. ఆరోజు ముందు నీకే కదా ఫోన్ చేశాను" అన్నాడు. "అప్పుడైనా చెప్పలేదు నువ్వు."

నేను ఏమీ అనలేకపోయాను. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"సరే, ఒక ప్యాకెట్ పంపమను" అన్నాడు. "ఆ బటన్ నేను నొక్కను. నువ్వే చెప్పు వాళ్ళకి."

మాస్టారికి మెసేజ్ పెట్టాను. ఆ సాయంత్రం ఆయన మలుపు దగ్గరికి నడిచి వచ్చి జవాబిచ్చారు. పేజీ తెరిచి 11 తీసి 10 పెట్టాను.